సరిహద్దు రాయి దాటిన బెల్లం లారీ

నా ఉద్యోగ జీవితంలో రెండు రాష్ట్రాల్లో లారీలు పట్టుకున్నాను. ఒక రాష్ట్రంలో ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వుతో, ముప్పై ఏళ్లకు పైగా. ఇంకో రాష్ట్రంలో ఏ ఉత్తర్వూ లేకుండా, ఒకే ఒక్క మధ్యాహ్నం. ఆ ముప్పై ఏళ్ల గురించి చెప్పుకోదగ్గది పెద్దగా లేదు. ఆ మధ్యాహ్నం గురించి మాత్రం, ఈ శాఖలో కొత్తగా చేరేవాళ్లు తెలుసుకుంటే మంచిదనిపించి రాస్తున్నాను. ఎవరి పేర్లూ రాయడం లేదు. కొందరు పోయారు. ఉన్నవాళ్లకు ఇది చదివే ఓపిక లేదు.

డెబ్బైల చివరి సంగతి. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. తిరుపతిలో చదువుకుని, పోటీ పరీక్ష రాసి, వాణిజ్య పన్నుల శాఖలో అసిస్టెంటు ఆఫీసరుగా చేరి ఎనిమిది నెలలయింది. శాఖ వాళ్లు పెట్టే పరీక్ష కూడా అప్పుడే పాసయ్యాను. చట్టంలో మన అధికారాల గురించి ఉన్న భాగమంతా నాకు కంఠతా వచ్చు. వాహనాన్ని ఆపే అధికారం, సరుకు తనిఖీ చేసే అధికారం, నిలిపి ఉంచే అధికారం. ఆ అధికారాల పరిధి ఎంతవరకు అనేదానిమీద కూడా ఒక ప్రశ్న వచ్చింది. ఆరింటిలో ఐదు రాస్తే చాలన్నారు కాబట్టి దాన్ని ఛాయిస్‌లో వదిలేశాను.

నన్ను వేసింది చిత్తూరు జిల్లా దక్షిణపు అంచులో, తమిళనాడుకు పోయే రోడ్ల మీద ఉన్న చెక్‌పోస్టుల్లో ఒకదానికి. ఒక పెంకుల గది, ఒక జీపు, రోడ్డుకు అడ్డంగా ఒక గేటు. గేటు అంటే పొడుగాటి సరుగుడు వాసం. దాని మొదట్లో బరువుకు ఒక బండరాయి కట్టి, చివర తాడు వేలాడదీశారు. తాడు లాగి గుంజకు కడితే వాసం దిగుతుంది. విప్పితే తనే లేస్తుంది. గేటుకు రెండు ఫర్లాంగుల అవతల సున్నం కొట్టిన సరిహద్దు రాయి. అక్కడితో ఆంధ్ర అయిపోతుంది. సరుకు లారీలు గేటు దగ్గర ఆగి, కాగితాలు చూపించి, ముద్ర వేయించుకుని పోవాలి.

అక్కడ నాకు పై అధికారి ఒకాయన ఉండేవారు. చంద్రగిరి మనిషి. రోజూ పాకాల మీదుగా చిత్తూరుకు రైల్లో వచ్చి, అక్కణ్ణుంచి బస్సులో దిగేవారు. ఆయనకు కోపం రావడం నేను చూడలేదు, సంతోషం రావడమూ చూడలేదు. గేటు చూసుకునే అటెండరు ఇంకో మూడేళ్లకు రిటైరయ్యే పెద్దాయన. భార్యతో కలిసి గది వెనకే చిన్న కొట్టంలో కాపురం. జీపు డ్రైవరు నా ఈడువాడు.

ఆ రోజు కార్తీక మాసపు ముసురు. మధ్యాహ్నం రెండింటికి వేలూరు బస్సు వచ్చింది. అటెండరు తాడు విప్పాడు, వాసం లేచింది, బస్సు పోయింది. సరిగ్గా అప్పుడే గాలి తిరిగి ఆయన గొడుగు పైకి తిరగబడింది. గేటు దించాలంటే రెండు చేతులు కావాలి. గొడుగు సరిచేయాలన్నా రెండు చేతులు కావాలి. ఆయన గొడుగును ఎంచుకున్నాడు. బస్సు వెనకే వస్తున్న లారీ, ఎత్తి ఉన్న గేటు కిందుగా, ఏ తొందరా లేకుండా వెళ్లిపోయింది.

నేను కిటికీలోంచి చూశాను. చెక్‌పోస్టు దాటి పారిపోతున్న లారీ నా ఎనిమిది నెలల సర్వీసులో అదే మొదటిది. పరుగున పోయి జీపెక్కాను.

వైపరు పనిచేయడం లేదు. డ్రైవరు ఒక చేత్తో అద్దం తుడుస్తూ నడిపాడు.

“సార్, రాయి వచ్చేసినాది,” అన్నాడు.

“ఏ రాయి?”

“సరిహద్దు రాయి సార్.”

“లారీ కనిపిస్తోందా?”

“కనిపిస్తా ఉండాది.”

“అయితే పో.”

ఇంకో ముప్పావు మైలు పోయాక లారీ దొరికింది. నేను ఆపానని చెప్పుకోవడానికి లేదు, అదే ఆగి ఉంది. రోడ్డు పక్క టీ కొట్టు ముందర లారీ డ్రైవరు టైర్లు తట్టి చూసుకుంటున్నాడు. లోపల బెంచీ మీద యాభై ఏళ్ల ఒకావిడ, తలమీద తువ్వాలు కప్పుకుని టీ ఊదుకుంటూ తాగుతోంది. పారిపోయేవాళ్లు టీకి ఆగరనే సంగతి నాకు తట్టలేదు.

“సరుకు ఎవరిది?” అన్నాను.

“నాదే సామీ. బెల్లం,” అందామె. పాకాల దగ్గర పల్లె. సొంత చెరుకు, సొంత గానుగ. గుడియాత్తం సంతలో ధర బాగుందని లారీ మాట్లాడుకుని తనే బయల్దేరింది. భర్త లేడు. కొంగు ముడి విప్పి, మడతపెట్టిన కాగితం ఒకటి తీసింది. ఈ బెల్లం ఈమె పొలంలో పండిన చెరుకుదేనని ఊరి కరణం రాసిచ్చిన చీటీ. సొంత పంట అమ్ముకునే రైతుకు అంతకుమించి కాగితం అక్కర్లేదు. అది కూడా నాకు కంఠతా వచ్చు.

“గేటు దగ్గర ఎందుకు ఆపలేదు?”

“గేటు ఎత్తి ఉన్నింది గదా సామీ. ఎత్తిన గేటు కింద ఆపేదేంటికి?”

జవాబు లేని ప్రశ్న ఎదురైనప్పుడు చిన్న అధికారి చేసే పని ఒకటే, గొంతు పెంచడం. నేను పెంచాను. చీటీ మీద తేదీ అలికిపోయి ఉందన్నాను. ఎవరో వ్యాపారి సరుకును రైతు పేరుతో దాటిస్తున్నారని అనుమానమన్నాను. లారీ వెనక్కి తిప్పమన్నాను.

టీ కొట్టతను మర్యాదగా కలగజేసుకున్నాడు. “సార్, ఆ బోర్డు ఒకసారి సూడండి సార్.”

బోర్డు తమిళంలో ఉంది. నాకు తమిళం చదవడం రాదని చెప్పాను. నిజంగానే రాదు.

లారీ వెనక్కి తిరిగింది. ముందు లారీ, వెనక నా జీపు. ఆ వానలో నేను ఎంత గర్వంగా కూర్చున్నానో ఇప్పుడు రాయడానికి సిగ్గేస్తోంది.

గదిలో మా ఆఫీసరు అంతా విన్నారు.

“యాడ పట్టినావప్పా?”

“టీ కొట్టు ముందర సార్.”

“ఏ టీ కొట్టు?”

“రోడ్డు పక్కన, రేకుల కొట్టు.”

“అది మనది కాదే.”

“ఎవరిదైతే ఏంటి సార్?”

“ఓనరెవరని కాదప్పా. ఆ కొట్టు తమిళనాడులో ఉండాది.”

ఛాయిస్‌లో వదిలేసిన ప్రశ్న అప్పుడు గుర్తొచ్చింది. అప్పటికైనా లారీని వదిలేసి ఉంటే కథ అయిపోయేది. కానీ వదిలేస్తే పట్టుకున్నది తప్పని ఒప్పుకున్నట్టు. గేటు ఎందుకు ఎత్తి ఉందనే మాట వస్తుంది, పెద్దాయన ఉద్యోగానికి ముప్పు. నా దుడుకుతనానికి ఆయన మీద జాలిని అడ్డం పెట్టుకున్నాను. మా ఆఫీసరు కాసేపు పైకప్పు పెంకులు చూసి, “గేటుకు అవతల యాభై గజాల్లో పట్టినట్టు రాసెయ్. యాభై గజాలంటే మనదే,” అన్నారు. రాశాను. పక్కనున్న పంక్చరు షాపతను వచ్చి సాక్షి సంతకం పెట్టాడు. మా పంచనామాలన్నిటికీ అతనే సాక్షి. ఏ ఒక్కదాన్నీ చదివి మాకు ఆలస్యం చేయలేదు.

ఆమె అట్లా కాదు. చదువుకుంది. వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ మొదటి నుంచీ చదివింది. యాభై గజాల దగ్గర వేలు ఆగింది.

“ఇది తప్పు సామీ. నేను టీ తాగినాను ఆడ. బోర్డు అరవంలో ఉన్నింది.”

“సంతకం పెడితే పని తొందరగా అయిపోతుందమ్మా.”

“తప్పు కాయితం మింద నేను పెట్టను.”

పెట్టలేదు. నేను లారీ టార్పాలిను తాళ్లు బిగించి, ముడుల మీద లక్క కరిగించి సీలు వేశాను. ఇక చిత్తూరు నుంచి పై ఉత్తర్వు రానిదే ఎవరూ తాకకూడదు. కాగితాలు తపాలాలో పంపాం.

ముసురు వదల్లేదు. మర్నాడు పొద్దున చూస్తే టార్పాలిను ఒక మూల చిరిగి, వాన నీళ్లు అందులోంచి లోపలికి కారుతున్నాయి. ఆమె నా దగ్గరికి వచ్చింది.

“ఆ తాడు ఒకటి విప్పితే పట్ట సర్దుకుంటాను సామీ. మళ్లా నువ్వే కట్టుకో.”

“సీలు విప్పకూడదమ్మా. రూలు.”

“బెల్లం కరిగిపోతాది.”

“పైనుంచి ఉత్తర్వు రావాల.”

ఉత్తర్వు వచ్చే లోపల వాన వచ్చింది. రెండో రోజుకు లారీ కింద ఎర్రటి నీళ్లు మడుగు కట్టాయి. ఊరకుక్కలు టైర్లు నాకడం మొదలుపెట్టాయి. ఎక్కణ్ణుంచి వచ్చాయో చీమలు, ఆ తడిలోనే గది గోడ వెంబడి వరస కట్టి, నా బల్ల మీదుగా, సీలు వేయడానికి వాడిన లక్క డబ్బా మీదుగా పోయాయి. లారీ డ్రైవరు క్యాబిన్లో పడుకునేవాడు. ఆమె మాత్రం మా వరండాలో గోడకు ఆనుకుని, లారీ వైపు చూస్తూ కూర్చుంది. నాతో మాట్లాడలేదు. తిట్టి ఉంటే బాగుండేది, తిట్టినవాళ్ల మీద కేసు రాయడానికి ఒక సెక్షనుంది.

అటెండరు, ఆయన భార్య పూటపూటకూ ఆమెకు సంగటి, ఊరుబిండి తెచ్చి పెట్టారు. నేను చూడనట్టు ఉండేవాణ్ణి. ఆ మూడు రోజులూ నా క్యారియరు చిత్తూరు నుంచి బస్సులో వచ్చేది. గదిలో తలుపు దగ్గరగా వేసుకుని తిన్నాను.

నాలుగో రోజు పొద్దున వరండాలో ఆమె లేదు. మొదటి బస్సుకే చిత్తూరు వెళ్లిందని అటెండరు చెప్పాడు. మధ్యాహ్నానికి డిప్యూటీ కమిషనరు ఆఫీసు నుంచి ఫోను. అందరూ రేపు పదింటికి రావాలి, అటెండరుతో సహా.

ఆమె ఆ ఆఫీసు మెట్ల మీద కూర్చుని, దొరను చూడందే లేవనన్నదట. డిప్యూటీ కమిషనరు సన్నటి మనిషి, సన్నటి గొంతు. మర్నాడు ఆమె ముందరే మమ్మల్ని వరసగా నిలబెట్టి, నా పంచనామా చదివారు. నేను ఆయన బల్ల వైపు చూశాను. దానిమీద పొడుగాటి పుస్తకం ఒకటి, ఎర్ర అంచుల ఖాకీ అట్టతో. మా జీపు లాగ్‌బుక్కు అచ్చం అట్లాగే ఉంటుంది. జీపు ఏ రోజు ఎక్కడికి, ఎంత దూరం పోయిందో అందులో డ్రైవరు రాస్తాడు. నాకోసం ఏ అబద్ధమైనా ఆడగలడు కానీ పెట్రోలు విషయంలో మాత్రం ఆడడు. పోను ఒక మైలు, రాను ఒక మైలు అని అందులో ఉండే ఉంటుంది. ఆయన దాన్ని తెప్పించుకున్నారన్నమాట.

“లారీని ఎక్కడ పట్టుకున్నారు?” అన్నారు, పుస్తకం మీద చెయ్యి వేసి.

మా ఆఫీసరు గొంతు సవరించుకున్నారు. ఆయన ఏదో చెప్పే లోపలే నేను నోరు విప్పాను.

“తమిళనాడులో సార్. రాయికి అవతల, టీ కొట్టు ముందర.”

ఆయన పంచనామాలో ఒక వాక్యం మీద వేలు పెట్టారు.

“మరి యాభై గజాలని రాసిందెవరు?”

“నేనే సార్.”

“ఎవరైనా రాయమన్నారా?”

“నా చేతి రాత సార్ అది.” అంతవరకు నిజమే.

డిప్యూటీ కమిషనరు ఆమె వైపు తిరిగారు. “చెక్‌పోస్టు దగ్గర లారీ ఎందుకు ఆపలేదమ్మా? గేటు లేదా?”

తలుపు దగ్గర అటెండరు గొడుగును రెండు చేతులతో గట్టిగా పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమె నోట్లోంచి ఒక్క మాట వస్తే ఆయన పింఛను ఏమవుతుందో ఆ గదిలో అందరికీ తెలుసు. అబద్ధం మీద సంతకం పెట్టనని మూడు రోజులు బెల్లం కరగనిచ్చిన మనిషి ఆమె.

“ఉన్నింది సామీ,” అందామె. “ఆయప్ప తాడు లాగతానే ఉన్నాడు. వానకు తడిసినాది గదా, సేతిలోంచి జారిపోయినాది. మేం సూసుకునే లోపలే దాటేసినాము. అందులో ఆయప్ప తప్పేమీ లేదు.”

డిప్యూటీ కమిషనరు అది రాసుకున్నారు. లారీని వెంటనే వదిలేయమన్నారు. మమ్మల్ని బయటికి పొమ్మన్నారు.

వరండాలో ఆమెను ఆపాను. నేను ఉండబట్టలేక అడిగాను.

“గొడుగు సంగతి చెప్పలేదేమమ్మా?”

“ఆయప్ప మూడు దినాలు నాకు కూడు పెట్టినాడు. నువ్వేం పెట్టినావు నాయనా?”

నేను పెట్టింది సీలు ఒక్కటే.

తిరుగు దారిలో మా ఆఫీసరు జీపులో నా పక్కన కూర్చున్నారు. ఊరు దాటాక అన్నారు.

“నిజం చెప్పేది మంచిదేనప్పా. కానీ ఎదురుగా ఉండేది ఏం పుస్తకమో సూసుకొని చెప్పాల.”

“లాగ్‌బుక్కు కదా సార్?”

“స్టేషనరీ రిజిస్టరు. గుండుసూదులు, జిగురు సీసాలు. నాకు తలకిందులుగా చదివేది బాగా వచ్చు.”

ముందు సీట్లోంచి డ్రైవరు వెనక్కి తిరిగాడు. “ఆ ట్రిప్పు నేను యాడా రాయనే లేదు సార్. వానలో మీరు తొందర పెట్టినారు, మరిసిపోయినా.”

ఆ తర్వాత జిల్లాలో నాకు నిజాయితీపరుడని పేరు వచ్చింది. నలుగురిలో ఉన్నప్పుడు ఎవరైనా ఆ మాట అంటే తల దించుకునేవాణ్ణి. అదేదో వినయమనుకుని ఇంకా మెచ్చుకునేవాళ్లు. ముప్పై ఏళ్లు ఆ పేరుకు తగ్గట్టు ఉండక తప్పలేదు. ఒకసారి అంటుకున్నాక దాన్ని వదిలించుకోవడం కష్టం.

వారానికి ఉత్తర్వు వచ్చింది. నాకు హెచ్చరిక, సర్వీసు పుస్తకంలో నమోదు. అందులో ఒక వాక్యం ఇప్పటికీ గుర్తుంది. సరుకు మీద పన్ను ఉన్నదా లేదా అన్న ప్రశ్నలోకి పోనవసరం లేదు, పట్టుకున్న చోట పట్టుకున్నవాడికి అధికారమే లేదు కాబట్టి ఈ చర్య మొత్తం చెల్లదు, అని. కొత్తగా చేరే పిల్లలు ఆ వాక్యాన్ని రెండుసార్లు చదువుకోవాలి. మనం అధికారులమని మనకు అనిపిస్తూ ఉంటుంది, నిద్రలో కూడా. కానీ అధికారం మన ఒంట్లో ఉండదు. ఫలానా రోడ్డు మీద, ఫలానా రాయి వరకు ఉంటుంది. ఆ రాయి దాటాక నేను ఎవరిని? తడి బట్టలతో టీ కొట్టు ముందర నిలబడి, ఒంటరి ఆడమనిషి సరుకును బలవంతంగా మళ్లించుకుపోయినవాణ్ణి. అట్లాంటి పని చేసేవాళ్లకు వేరే పేరుంది. అది వేరే చట్టంలో ఉంటుంది.

ఉత్తర్వు నకలు ఆమెకు తపాలాలో పంపమన్నారు. నేను తపాలాలో వేయలేదు. ఒక ఆదివారం పాకాలలో రైలు దిగి, అడుగుతూ అడుగుతూ ఆమె ఊరు పోయాను. ఎందుకు పోయానో అప్పుడు నాకూ సరిగ్గా తెలీదు. గానుగ దగ్గర ఉంది. కాగితం తీసుకుని, వేలు పెట్టి, చివరి దాకా చదివింది.

“అయితే ఇప్పుడు తప్పు నీదే అని రాసినారు.”

“అవునమ్మా.”

“మంచిది. ఈ కాయితం సూపిస్తే కరిగిన బెల్లం గడ్డ కడతాదా?”

కట్టదన్నాను. చెల్లని చర్య వల్ల పోయిన సరుకును ఎవరిస్తారో ఆ ఉత్తర్వులో లేదు, చట్టంలోనూ లేదు. నష్టపరిహారానికి కోర్టులో దావా వేయవచ్చమ్మా, నేనే సాక్ష్యం చెబుతాను అన్నాను. ఆమె నా వైపు చూసి, పొయ్యిలోకి ఇంకో చెరుకు పిప్పి కట్ట తోసింది. “ఇంగో సారి మెట్లెక్కి కూసోను నాయనా. పని ఉండాది,” అంది. మజ్జిగ ఇచ్చింది. తాగి వచ్చేశాను.

సంక్రాంతి దాటాక ఒక పొద్దున, ఎండ బాగా కాస్తుండగా, ఒక లారీ గేటుకు ఇరవై గజాల ముందే ఆగింది. అప్పుడే బస్సు పోయి గేటు ఎత్తే ఉంది. లారీ వాడు హారను కొట్టలేదు, కదలలేదు. క్యాబిన్లోంచి ఆమె దిగింది. నడుచుకుంటూ గేటు దాకా వచ్చి, అటెండరును పలకరించి, నా కిటికీ ముందు నిలబడింది.

“గేటు దించమని చెప్పు నాయనా.”

“పరవాలేదమ్మా, పోండి. మీ కాగితాలు నాకు తెలుసు కదా.”

“దించమను. దించినాక మేము వచ్చి ఆగతాము. ఆగినాక నువ్వు సూడు. సూసినాక ఎత్తు.”

అటెండరు తాడు లాగి కట్టాడు. లారీ వచ్చి ఆగింది. నేను బయటికి వచ్చి, చీటీ చూసి, సరుకు చూసి, సొంత పంట, రైతు, పన్ను లేదు అని రాసి సంతకం పెట్టాను. చోటు దగ్గర “చెక్‌పోస్టు గేటు వద్ద” అని రాశాను. ఆమె అంతా చదువుకుని మడిచి కొంగున కట్టుకుంది. తర్వాత ఒక గోనె విప్పి రెండు బెల్లం గడ్డలు తీసింది. ఒకటి అటెండరుకు ఇచ్చింది. రెండోది నా ముందు పట్టుకుంది.

చెక్‌పోస్టులో వ్యాపారుల దగ్గర ఏమీ తీసుకోకూడదని నిబంధన. అయితే ఆమె వ్యాపారి కాదని నిమిషం కిందటే నేనే రాసి సంతకం పెట్టి ఉన్నాను. తీసుకుని, ఒక తునక విరిచి నోట్లో వేసుకున్నాను.

“ఆ కరిగినదే. మిగిలినంత వరకు పెనంలో పోసి మళ్లా కాసినాము,” అంది. “ఎట్లుండాది?”

“బాగుందమ్మా.”

ఆమె కదల్లేదు. వేలు పెట్టి నా పంచనామా చదివినప్పటి చూపే చూసింది.

“కొంచెం మాడు వాసన వస్తోంది,” అన్నాను.

“ఆఁ,” అని ఆమె పోయి లారీ ఎక్కింది.